రాక్షసుడి మర్యాద

నాకు ఆగడం చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసి చూసి అమ్మ చేత తిట్లు తినేవాణ్ణి. ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే ఆ మాట నేనే అందించేసేవాణ్ణి. మా గుంటూరు వైపు దాన్ని చురుకుదనం అన్నారు. మా లెక్కల మాస్టారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలే నన్ను చెడగొట్టిందని ఇప్పుడంటే పాపం ఆయన మీదకు నెట్టినట్టవుతుంది. చెడింది నేనే, చెడగొట్టిందీ నేనే. కాకపోతే నేను చెడగొట్టింది నా బతుకు కాదు.

డిగ్రీ పట్టా ఉన్న ప్రతివాడూ ఒక సూట్‌కేసుతో అమీర్‌పేటలో దిగుతున్న రోజులవి. బస్సు దిగి పది అడుగులు వేసేలోపు చేతిలో పది కరపత్రాలు పడేవి. జావా నేర్పుతాం, టెస్టింగ్ నేర్పుతాం, నలభై రోజుల్లో నిన్ను మనిషిని చేస్తాం అన్నట్టుండేవి. ఒక్కో హాల్లో రెండు వందల మందిమి కూర్చుని, వెనక బెంచీలవాళ్లకు బోర్డు కనపడక, ముందువాడి నోట్సు జిరాక్స్ తీయించుకుని చదువుకునేవాళ్లం. నేనూ అలాగే దిగి, మధురానగర్‌లో ఒక కిరాణా కొట్టు పైన మూడో అంతస్తులో గది తీసుకున్నాను. అందులో రెండు మంచాలు. రెండో మంచం వాడిది.

వాడు సిరిసిల్ల వైపు వాడు. వాళ్ల నాన్న మగ్గం మీద బతికిన మనిషి. నేత సాగక వాడి అన్నయ్య ముందే పట్నం వచ్చి, పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో టైలర్ షాపు పెట్టాడు. షాపు వెనక ఒకటే గది, అందులో అన్నయ్య సంసారం. అందుకని వీడు నా పక్క మంచం మీదకు వచ్చాడు.

వాడికి నత్తి. మొదటి రోజే చెప్పాడు, చెప్పడానికి సమయం పట్టింది. అన్ని మాటలకూ కాదు. కొన్ని గంటలు నీళ్లు పారినట్టు మాట్లాడేవాడు, తర్వాత ఉన్నట్టుండి ఒక మాట దగ్గర గొంతు బిగుసుకుపోయేది. అన్నిటికంటే వాడి పేరు దగ్గర. కన్నవాళ్లు పెట్టిన పేరే వాడి గొంతుకు అడ్డం పడేది. కొత్తవాళ్లు పేరు అడిగితే ఎక్కడ చెప్పలేకపోతాడోనని నేనే చెప్పేసేవాణ్ణి. వాడు నావైపు ఒకసారి చూసి ఊరుకునేవాడు. అది కృతజ్ఞత అనుకున్నాను చాలా నెలలు.

చదువులో మాత్రం వాడి ముందు నేను దిగదుడుపే. హాల్లో మాస్టారు పరుగు మీద చెప్పి వదిలేసింది, గదికొచ్చాక వాడు కాగితం మీద బొమ్మలు గీసి నాకు ఎక్కించేవాడు. చెప్తూ ఎక్కడైనా ఆగిపోతే నేను మధ్యలో దూరేవాణ్ణి. "జర ఆగు భాయ్" అనేవాడు. రోజుకు ఎన్నిసార్లో. ఆ మాట దగ్గర మాత్రం వాడి నాలుక ఎప్పుడూ తడబడలేదు, అంత అలవాటు చేశాను.

గదిలో ఒక కంప్యూటర్ ఉండేది. తమ్ముడు ఇంజనీరు కావాలని అన్నయ్య విడిభాగాలు తెప్పించి బిగించి ఇచ్చాడు. పొద్దున దాని మీద జావా, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆటలు. మా ఇద్దరికీ కథ ఉన్న ఆటలంటే పిచ్చి. ఒక కుర్రాడు కత్తి పట్టుకుని ఊరు దాటతాడు, దారిలో తోడు దొరుకుతారు, దెబ్బలు తింటూ బలం పెంచుకుంటారు, చివర్లో కోటలో పెద్ద రాక్షసుడు. అంతవరకూ మాకు పేచీ లేదు. పేచీ అంతా యుద్ధం దగ్గర.

నాకు కావలసిన ఆటల్లో యుద్ధం ఆగదు. రాక్షసుడు గద ఎత్తితే పక్కకు దొర్లాలి, వాడు తిరిగేలోపు వెనక నుంచి పొడవాలి. రెప్ప వాల్చావా, చచ్చావే. నా చేతి కింద కీబోర్డు రెండు నెలలకోటి పాడయ్యేది.

వాడి ఆటల్లో వంతులు. ఇటు మనవాళ్లు నలుగురు, అటు రాక్షసులు, బంతి భోజనానికి కూర్చున్నట్టు ఎదురెదురుగా వరసలో నిలబడతారు. మన వంతు వచ్చినప్పుడు ఒక పెట్టె తెరుచుకుంటుంది: కొట్టు, మంత్రం వెయ్యి, మందు తాగు, పారిపో. ఏదో ఒకటి నొక్కేదాకా ఎవరూ కదలరు. నువ్వు వెళ్లి టీ తాగి వచ్చినా రాక్షసుడు అక్కడే, పాదాల మీద కొంచెం ఊగుతూ నిలబడి ఉంటాడు. మావాడు ఒక్కో దెబ్బకూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించేవాడు. పక్కన కూర్చున్న నాకు ప్రాణం పోయేది.

"ఇదేం యుద్ధంరా బాబూ? పెళ్లిచూపులా? రాక్షసుడు నీ ఎదురుగా నిలబడి దయచేయండి సార్ అంటున్నాడు" అన్నాను ఒకరోజు.

వాడు నవ్వలేదు. తెర మీద నుంచి కళ్లు తీయకుండానే అన్నాడు. "గా రాక్షసునికి మర్యాద తెలుసు భాయ్. నా వంతు నాకిస్తడు. నేను చేసేదాంక ఆగుతడు. నీకే తెల్వది."

నేను పడీ పడీ నవ్వాను. మెస్సులో అందరికీ చెప్పి నవ్వించాను కూడా. ఆ మాటలో వాడు నన్ను ఏమడిగాడో తెలిసేసరికి అడగడం మానేశాడు.

ఇక అసలు సంగతి. మాకు ఉద్యోగాలన్నీ మొదట ఫోన్ మీదే మొదలయ్యేవి. కంపెనీవాళ్లు ఫోన్ చేసి అరగంట ప్రశ్నలడుగుతారు. అది గట్టెక్కితే ముఖాముఖి పిలుస్తారు. అమీర్‌పేట గదుల్లో ఈ ఫోన్‌కొక పద్ధతి ఏర్పడింది. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు పక్కన కూర్చుని నోట్సు తిప్పుతూ జవాబులు రాసి చూపిస్తాడు. ఇంకాస్త ముదిరినవాళ్లయితే, పేరు ఒకడిది, ఫోన్‌లో గొంతు ఇంకొకడిది. మేం దాన్ని మోసం అనుకునేవాళ్లం కాదు. సాయం అనేవాళ్లం. ఎవరైనా తన గొంతు అరువిస్తే మరుసటి రోజు వాడికి టిఫిన్ పెట్టించేవాళ్లం, అంత మామూలు.

వాడికి అప్పటికి మూడు ఫోన్లు వచ్చాయి. మూడూ పేరు దగ్గరే తెగిపోయాయి. అటువైపు వాళ్లు హలో హలో అని, లైన్ బాగోలేదనుకుని పెట్టేశారు. మూడోసారి తర్వాత నేను మాట్లాడతానన్నాను. కోపమొచ్చింది వాడికి. నాలుగోది వచ్చేసరికి ఇంట్లో మాట అయిపోయింది: ఇది కూడా పోతే ఇంక చాలు, షాపులో మూడో మిషన్ వేసుకుని కూర్చోవాలి. అన్నయ్య గదమాయించి చెప్పలేదు, మిషన్‌కు చోటు చేసి ఊరుకున్నాడు. కత్తిరింపు బల్ల పక్కకు జరిగి ఉంది, గోడ దగ్గర ఖాళీ కనపడుతోంది. వాడు షాపుకెళ్లినప్పుడల్లా ఆ ఖాళీ వైపు చూడకుండా తిరిగేవాడు.

ముందురోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "నేనే మాట్లాడ్త. నువ్వు పక్కన కూసోని కాయితాలు తిప్పు. నేను ఆగిపోయినా సరే, ఎంత సేపైనా సరే, నువ్వు నోరు తెరవకు. నేను ఆగినా మళ్ల మొదలుపెడ్త. నాకు తెలుసు." చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. వేశాను.

ఫోన్ అన్నయ్య షాపులోనే. వాడి దరఖాస్తులో ఇచ్చిన నంబరు అదే. పొద్దున పదకొండింటికన్నారు. పది ముప్పావుకే అన్నయ్య రెండు మిషన్లూ ఆపించాడు, రేడియో కట్టేశాడు, వచ్చిన గిరాకీని గంటాగి రమ్మని గుమ్మం దగ్గరే పంపేశాడు. మెడలో టేపుతో, నిలబడే చూస్తున్నాడు. మెయిన్ రోడ్డు మీద బస్సుల మోత తప్ప చప్పుడు లేదు. ఫోన్ మోగింది.

వాడు తీశాడు. హలో అన్నాడు, గుడ్ మార్నింగ్ సార్ అన్నాడు, చక్కగా వచ్చింది. నా గుండె కుదుటపడింది. అప్పుడు అటువైపు నుంచి పేరు అడిగారు.

వాడి పెదవులు కలుసుకున్నాయి. విడిపోలేదు. మెడ మీద నరం లేచింది, కళ్లు మూసుకున్నాడు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు కాబట్టి అటువైపు ఏమంటున్నారో నాకు వినపడలేదు. ఎంతసేపైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అర నిమిషం ఉంటుందేమో. నాకు అది అర పూటలా ఉంది. అన్నయ్య గోడ దగ్గరి ఖాళీ వైపు చూశాడు. నేను లేవబోయాను. వాడు కళ్లు తెరిచి నన్ను చూసి, ఎడమ చేతి చూపుడువేలు ఎత్తాడు. ఆగు అని.

చూశాను ఆ వేలు. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి కూడా ఫోన్ లాక్కున్నాను.

"సారీ సార్, లైన్ డిస్టర్బెన్స్. ఇప్పుడు వినిపిస్తోందా?" అన్నాను, వాడి పేరు చెప్పుకున్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నా నోట ఆ పేరు. అటువైపు క్షణం నిశ్శబ్దం, తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. గడగడా చెప్పాను. నేను చెప్పినవన్నీ వాడు నాకు బొమ్మలు గీసి నేర్పినవే. వాడు పక్కన కూర్చుని, నేను ఇచ్చిన మాట ప్రకారం నేను చేయాల్సిన పని తను చేశాడు. కాగితాలు తిప్పాడు.

ముఖాముఖికి రమ్మన్నారు. అన్నయ్య నన్ను వాటేసుకున్నాడు. ఆయన కళ్లు తడిశాయి. "మస్తు పని చేసినవ్ తమ్మీ. నువ్వు లేకుంటే మావోని గతి ఏంది?" అన్నాడు. నాకు చొక్కా కుట్టిస్తానని అప్పటికప్పుడు కొలతలు తీసుకున్నాడు. నేను చేతులు చాపి నిలబడ్డాను, గర్వంగా. అన్నయ్య భుజం మీదుగా వాడు కనపడ్డాడు, కాగితాలను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు. గదికి వచ్చాక ఒక్కమాటే అన్నాడు.

"మంచిగనే మాట్లాడినవ్."

ముఖాముఖికి మనిషిని కూడా మార్చే ఘనులు అమీర్‌పేటలో ఉన్నారు. వాడు ఆ మాట ఎత్తనివ్వలేదు. జలుబు చేసి గొంతు మారిందని చెప్పు అని సలహా ఇచ్చాను. "జలుబు చేస్తే నత్తొస్తదా భాయ్?" అని అడిగాడు. నిజంగా అడిగినట్టే అడిగాడు, వెటకారం లేదు. వెళ్లే రోజు పొద్దున ఆటలో చివరి కోట తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆట సేవ్ చేసి పెట్టాడు. రాక్షసుణ్ణి వచ్చి కొడతానన్నాడు.

లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో ఇంటర్వ్యూలు. నేను రోడ్డుకివతల ఇరానీ హోటల్లో కూర్చున్నాను. రెండో చాయ్ అయిపోకముందే వాడు బయటికి వచ్చాడు. మొహం చూసి నేను ఏమీ అడగలేదు, ఆ ఒక్కసారికి. ఆటో ఎక్కుదామంటే తల అడ్డంగా ఊపి నడక మొదలుపెట్టాడు. ఎండలో ఖైరతాబాద్ మీదుగా పంజాగుట్ట దాకా నడిచాం. షాపు సందు మలుపులో, కరెంటు స్తంభం దగ్గర ఆగాడు.

"ఫోన్ చేసినాయనే ఉన్నడు లోపల" అని మొదలుపెట్టాడు. తర్వాత గొంతు పట్టేసింది. నేను ఆగలేదు. తిట్టాడా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. గొంతు గుర్తుపట్టాడా అన్నాను. నవ్వారా అన్నాను. ప్రతిదానికీ తల ఊపుతూ, చివరికి రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని కదలకుండా నిలబెట్టి, మొత్తం చెప్పాడు.

ఆయన వీడి నత్తి వినగానే కలం పక్కన పెట్టాడట. ఆ రోజు మొదట ఫోన్ ఎత్తింది మీరే కదా అన్నాడట. "తొందరేం లేదు, నిదానంగా చెప్పండి, నేను ఉన్నాను అని ఫోన్‌లో చెప్పాను కదా. మా తమ్ముడికీ ఇలాగే ఉంటుంది. నేను ఆగే ఉన్నాను. ఎందుకు ఇంకొకరికి ఇచ్చారు?" అని అడిగాడట. వీడు ఇవ్వలేదని చెప్పలేదు. నా పేరూ చెప్పలేదు. గొంతు మార్చినవాళ్లను తీసుకోకూడదని కంపెనీ నియమం, నా చేతుల్లో లేదు అని ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపి పంపాడట.

"ఫోన్ల సుత చెప్పిండు భాయ్. నిదానంగ చెప్పు అన్నడు. నేను విన్న. వస్తుండె నాకు. ఇంకొంచెంల వస్తుండె."

నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు. ఏడుపు కూడా నేనే ముందు అందుకున్నాను.

అన్నయ్యకు ఏమీ చెప్పలేదు వాడు. సీట్లు అయిపోయాయట అన్నాడు. గోడ దగ్గర మూడో మిషన్ వచ్చింది. కంప్యూటర్ తీసుకెళ్లమంటే, నువ్వు నేర్చుకో, నాకిప్పుడు దేనికి అని నాకే వదిలేసి ఒక సంచీతో వెళ్లిపోయాడు. అన్నయ్య నా చొక్కా మాత్రం కుట్టాడు. లేత నీలం. ఇస్త్రీ చేసిన చొక్కా ఇంకొకటి లేక, మూడు నెలల తర్వాత నా ఇంటర్వ్యూకు అదే వేసుకెళ్లాను. ఒత్తిడిలో ఎలా పనిచేస్తావని అడిగారు. చాలా చురుగ్గా స్పందిస్తున్నావని మెచ్చుకుని ఉద్యోగం ఇచ్చారు.

ఉద్యోగం వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం వాడి ఆట తెరిచాను. కోట తలుపు, దాటితే రాక్షసుడు. నలుగురూ వరసలో నిలబడ్డారు. పెట్టె తెరుచుకుంది. నేను ఏమీ నొక్కలేదు. భోజనం చేసి వచ్చాను, పడుకుని లేచాను. రాక్షసుడు అక్కడే ఊగుతూ నిలబడి ఉన్నాడు. ఆ నెత్తి మీద కొమ్ములున్న బొమ్మకున్న పాటి ఓపిక నాకు లేకపోయింది కదా అని, తెర ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్లకేం, అవి నాకు గడగడా వస్తాయి.

నాలుగేళ్లు షాపు వైపు వెళ్లలేదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం, నడిస్తే అయిపోతుంది. అయినా వెళ్లలేదు. ఒకరోజు ప్యాంటు గుడ్డ పట్టుకుని వెళ్లాను. ఈసారి ఆగాలని తీర్మానించుకుని వెళ్లాను. ఆగడం నేర్చుకున్నాను అప్పటికి, నిజంగానే. ఆఫీసులో ఎవరైనా మాట వెతుక్కుంటుంటే పళ్లు బిగించి కూర్చునేవాణ్ణి.

మూడో మిషన్ దగ్గర వాడే ఉన్నాడు. లేచి వచ్చి కొలతలు తీసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎలా ఉన్నావురా?" అన్నాను.

వాడు నోరు తెరిచాడు. "మం..." దగ్గర గొంతు పట్టేసింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎంతసేపైనా సరే, ఈ రోజంతా అయినా సరే అనుకున్నాను. మెడ మీద నరం లేస్తుందని చూశాను. లేవలేదు. కళ్లు మూసుకోలేదు. వాడు అసలు ప్రయత్నించడమే లేదు. తెరిచిన నోరు మూసేసి, తాపీగా నావైపు చూస్తున్నాడు, ఆ మాట నేను ఎప్పుడు చెప్తానా అని.

నేను చెప్పలేదు. వాడూ చెప్పలేదు. చివరికి కత్తిరింపు బల్ల దగ్గర నుంచి అన్నయ్య, "మంచిగనే ఉన్నడు తమ్మీ, ఏం ఫికర్ లేదు" అన్నాడు. వాడు అవునన్నట్టు తల ఊపాడు.

నేను వాడి ఎడమ చెయ్యి వైపు చూశాను, వేలు లేస్తుందేమోనని. ఆ చెయ్యి టేపు చుట్టుకుంటోంది.